గడ్డి కోయని వైపు

మా తాతకి జీతం ఇచ్చేది పక్షుల్ని తరమడానికి. విమానాలు దిగే మైదానంలో పక్షి అన్నది కనిపించకూడదు. కనిపిస్తే తాత జీపు వేసుకుని వెళ్ళి హారను మోగించాలి. దానికీ లొంగకపోతే ఉత్త చప్పుడు చేసే తుపాకీ ఒకటి ఉంది, అది పేల్చాలి. మిగతా వేళల్లో ట్రాక్టరు వెనక గడ్డి కోసే మిషను తగిలించుకుని మైదానమంతా కోయాలి. రెండు పనులూ ఒక్కడే చేసేవాడు. ఆ ఎయిర్‌పోర్టు అంత చిన్నది మరి. పొద్దున ఒక విమానం, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి వస్తే వచ్చినట్టు, రాకపోతే లేనట్టు.

రన్‌వే చిట్టచివర తాతకి ఒక ఇల్లు ఇచ్చారు. ఒక గది, వంటకి ఒక మూల, పక్కనే ట్రాక్టరు పెట్టుకునే రేకుల షెడ్డు. విమానం లేచినప్పుడల్లా అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. అమ్మమ్మ అక్కడ కొన్నేళ్ళు కాపురం చేసింది. చేసి చేసి, చెవుల్లో కందిరీగలు కాపురం పెట్టాయని చెప్పి, ఒకరోజు పెట్టె సర్దుకుని ఊళ్ళో మా అమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆవిడ విడిపోయింది మొగుడితో కాదు, చప్పుడుతో. తాత ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. ఇంజన్ల మీదుగా మాట్లాడి అలవాటైన గొంతు కావడంతో, కాసిని మంచినీళ్ళు అడిగినా వీధి చివరి ఇంటివాళ్ళు తెచ్చి ఇచ్చేట్టు అడిగేవాడు. ఆ ఒక్క మాటా అయ్యాక ఇంక మాటలుండేవి కావు. తిని, కుర్చీలో కునుకు తీసి, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాడు. ఉండిపొమ్మని అమ్మ అడిగితే, పక్షులు ఆదివారాలు సెలవు తీసుకోవు కదమ్మా అనేవాడు. అవి ఆదివారాలు ఏం చేస్తున్నాయో ఈయనకెలా తెలుసని అమ్మమ్మ గోడకి చెప్పేది.

ఆ మైదానంలో తాతతో మాట్లాడే గొంతు ఒక్కటే, వైర్‌లెస్ సెట్టులోంచి వచ్చేది. టవర్ మీద అద్దాల గదిలో కూర్చుని విమానాలకి దారి చెప్పే కుర్రాయనది అది. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు కాని, తాతని బాబాయ్ అనేవాడు. సాయంత్రం విమానం సంగతి తేలగానే ఆయన టవర్ దిగి ఇంటికి పోయేవాడు. ఆ తరవాత సెట్టులో ఉత్త బుసబుస తప్ప ఏమీ వినపడదు. తాత దాన్ని కట్టేసేవాడు కాదు. బుసబుస వింటూనే వండుకునేవాడు, వింటూనే తినేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ గద్ద.

కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే చిన్న గద్ద కాదు. రెక్కలు విప్పితే తాత మంచం చాలదు. మొదటిసారి దాన్ని దీపస్తంభం మీద చూసి, ఎవరో దుప్పటి ఆరేసి మరిచిపోయారనుకున్నాడట. దుప్పటి తల తిప్పి చూసింది. తాత పద్ధతి ప్రకారం హారను కొట్టాడు. తుపాకీ పేల్చాడు. అది ఇంకోవైపు తల తిప్పింది. బాగా బలిసిన ఆడ గద్దే అయి ఉంటుందని తాత తేల్చేశాడు. ఎలా తెలిసిందని టవర్ ఆయన అడిగితే, ఇంత చప్పుడు చేసినా నన్ను లెక్కచెయ్యకపోవడం మీ పిన్ని దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదన్నాడు. అంతటితో దానికి పేరు పడిపోయింది. పొద్దున్నే సెట్టు గరగరమనేది.

"బాబాయ్, పిన్ని వచ్చింది. మూడో దీపం మీదుంది."

ఈ సంగతి అమ్మమ్మ దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆవిడ నవ్విందీ లేదు, కోప్పడిందీ లేదు. ఆ ఆదివారం తాత కంచం ముందు కూర్చోగానే, "నా సవతి తిన్నదా?" అని అడిగింది. అప్పట్నించి ప్రతి ఆదివారం అదే కుశలప్రశ్న.

తాత ఆ గద్దని చూడ్డం నేర్చుకున్నాడు. అదొక చదువు, దానికి పరీక్షలేవు. అంత పెద్ద రెక్కలున్నది పొద్దున్నే ఎగరదని తెలుసుకున్నాడు. రెక్కలు ఆడించడానికి ఓపిక చాలదు దానికి. ఎండ ఎక్కేదాకా స్తంభం మీదే ఒళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. చుట్టూ గడ్డి ఇంకా చల్లగా ఉండగానే రన్‌వే తారు కాగుతుంది. తారు మీంచి వేడిగాలి లేస్తుంది. అప్పుడు మెల్లగా స్తంభం మీంచి జారి, రెక్కలు చాపి, చివరి ఈకలు చేతివేళ్ళలా విడదీసి, ఆ గాలి మీద గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. రెక్క కొట్టదు. మెట్లెక్కేవాళ్ళకైనా కాళ్ళు కదలాలి, దానికి అదీ అక్కర్లేదు. తిరిగి తిరిగి చుక్కంత అయ్యాక, అంత ఎత్తునుంచి ఏటవాలుగా కొండ వైపు జారిపోతుంది. మన ప్రభుత్వం వేసిన తారు రోడ్డుని దీనంత తెలివిగా వాడుకున్నవాళ్ళు లేరని తాత సంబరపడేవాడు.

వేటాడే తీరు ఇంకొకటి. ఆకాశంలోంచి రాయిలా పడుతుందని అందరూ అనుకుంటారు, తాతా అలాగే అనుకునేవాడు. అది అలా చెయ్యదు. ఎండని వీపు వెనక పెట్టుకుని, నేలకి జానెడు ఎత్తున, దొంగలా వస్తుంది. నీడ ముందు పడకుండా చూసుకుంటుంది. చివరి క్షణంలో కాళ్ళు ముందుకి చాపుతుంది. దొరికితే ఎలుక మీద రెక్కలు గుడారంలా కప్పి, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూస్తుంది. దొరకని రోజులే ఎక్కువ. తప్పిపోయినప్పుడు అక్కడే నిలబడి, అసలు దేనికోసమూ రానట్టు ఈకలు సర్దుకునేది. అది చూస్తే తాతకి తన పడుచుతనం గుర్తొచ్చేదట. ఇది టవర్ ఆయన చెప్పాడు, తాత ఒప్పుకోలేదు.

ట్రాక్టరు చప్పుడు వింటే చాలు, గద్ద వచ్చేది. మిషను వెళ్ళినమేరా ఎలుకలు బెదిరి పరిగెడతాయి, కోసిన గడ్డిలో వాటికి దాక్కునే చోటుండదు. తాత ముందు, గద్ద వెనక. చాలు తిరిగినప్పుడల్లా మెడ తిప్పి చూసుకునేవాడు, వస్తోందా లేదా అని. వస్తుండేది.

ఇక్కడే మా తాత చేసిన పని చెప్పాలి. మైదానాన్ని నెలకోసారి కోస్తే సరిపోతుంది. తాత తన ఇంటివైపు ముక్కని మాత్రం వారం వారం కోశాడు. అదీ మామూలుగా కాదు, బ్లేడు కిందికి దించి, గడ్డం గీసినట్టు. శుభ్రం కోసమని తనకి తాను చెప్పుకున్నాడు. ఆఫీసరుకైతే ఆ పచ్చదనం తెగ నచ్చింది, పైనుంచి ఎవరొచ్చినా జీపెక్కించి తీసుకొచ్చి చూపించేవాడు. తాతకి మెచ్చుకోళ్ళు దక్కాయి. సాయంత్రాలు గుమ్మంలో కుర్చీ వేసుకుంటే, ఎదురుగా, అరుగు మీద చుట్టం కూర్చున్నంత దగ్గరగా, గద్ద వేట దక్కింది. పక్షుల్ని తరిమే ఉద్యోగంలో ఉండి ఒక పక్షికి చాప పరిచాడని ఎవరికీ తట్టలేదు. తట్టినా నవ్వుకునేవాళ్ళేమో, ఆ పొద్దుటి విమానం సంగతి జరిగి ఉండకపోతే.

ఆ ముందురోజు సాయంత్రమే తాత తన ముక్క కోశాడు. పొద్దున ఎండెక్కాక విమానం పరుగందుకుంది. విమానమైనా గద్దయినా గాలికి ఎదురుగానే లేస్తాయి, బరువు మోస్తున్నప్పుడు మరీను. గద్ద కాళ్ళలో బలిసిన ఎలుక ఉంది. గడ్డి అంచునుంచి లేచి, తనకి అలవాటైన తారు మీదికి, సరిగ్గా విమానం ముందుకి వచ్చింది. పైలట్ బ్రేకులు తొక్కేశాడు. చక్రాలు అరుచుకుంటూ, పొగ కక్కుకుంటూ విమానం తాత గుమ్మం దగ్గరిదాకా వచ్చి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. చిన్న చిన్న కిటికీల్లో మనుషుల మొహాలు తెల్లగా పాలిపోయి కనిపించాయి. ఒక చంటిపిల్ల మాత్రం చెయ్యి ఊపింది. చేతిలో టీ గ్లాసుతో నిలబడ్డ తాత అలవాటుకొద్దీ తిరిగి ఊపాడు. మూడో దీపం మీద కూర్చుని గద్ద ఎలుకని తింటోంది.

ఆ రోజంతా సెట్టులో పిన్ని మాట రాలేదు.

గద్దని కాల్చడానికి ఆఫీసరు పై నుంచి అనుమతి తెప్పించాడు. ఆ వారంలోనే తుపాకీ ఆయన వచ్చాడు. ఆయనది చప్పుడు తుపాకీ కాదు, నిజంది. మీసాలూ గొంతూ పెద్దవిగా ఉంటాయని తాత ఎదురుచూశాడు కాని, ఆయన బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే మనిషిలా సన్నగా, మెత్తగా ఉన్నాడు. ఆ రోజు తుపాకీ కూడా తేలేదు, చోటు చూసిపోదామని వచ్చాడు. చేతులు వెనక కట్టుకుని మైదానమంతా నడిచాడు. తాత ఇంటివైపు ముక్క దగ్గరికొచ్చి ఆగి, బూటు మొనతో గడ్డిని అటూ ఇటూ కదిపాడు. ఆఫీసరు దూరంగా ఫోనులో ఉన్నాడు.

"ఇక్కడ ఎవరు కోస్తారు పెద్దాయనా?"

"నేనే."

"భోజనాల బల్ల తుడిచి పెట్టినట్టుంది," అన్నాడు. తిట్టినట్టు అనలేదు. "ఇంతలేసి పక్షులు ఎత్తు గడ్డిలోకి దిగవు. రెక్కలు చిక్కుకుంటాయి, తిండి కనపడదు. నాకు వీటిని కొట్టడం సరదా కాదు. నెలాఖరుకి వస్తాను. అప్పటికీ ఇక్కడే ఉంటే మాత్రం నా పని నేను చెయ్యాలి."

తాత చెవులు వేడెక్కాయి. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని చూశాడు. ఆయన మళ్ళీ చేతులు వెనక కట్టుకుని గేటు వైపు నడిచాడు.

గడ్డి పెంచుతానని ఆఫీసరుని అడగొచ్చు. అడిగితే, ఇన్నాళ్ళూ ఎందుకు కోశావని ఆయన అడుగుతాడు. ఆయనకా ఆ ముక్కంటే ప్రాణం, ఊరికే పెంచనివ్వడు. తాత రాత్రంతా అటూ ఇటూ పొర్లి, తెల్లారాక మిషను కిందికి దూరి బ్లేడు ఊడదీశాడు. బ్లేడు విరిగిపోయిందని వెళ్ళి చెప్పాడు. కొత్తది తెప్పిస్తానన్నాడు ఆఫీసరు. ఆయన తెప్పిస్తానన్నవి ఎంత నెమ్మదిగా వస్తాయో తాతకి తెలుసు, షెడ్డు తలుపు గొళ్ళెం కోసం రెండేళ్ళుగా చూస్తున్నాడు.

పాత బ్లేడుని షెడ్డులో పెడితే ఆఫీసరు కంట పడుతుంది. ఇంట్లో పెడితే, మంచినీళ్ళకని వచ్చినప్పుడు పడుతుంది. అందుకని ఆదివారం దాన్ని పాత చొక్కాలో చుట్టి, బస్సులో చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, మా ఇంటికి పట్టుకొచ్చాడు. ఎవరూ చూడ్డం లేదనుకుని అమ్మమ్మ మంచం కిందికి తోశాడు. తోస్తే ఇనుము ఊరుకుంటుందా, నేల మీద గీరుకుంటూ ఖంగుమంది. చెవులు పాడయ్యాయన్న అమ్మమ్మ పెరట్లోంచి విని వచ్చింది. వంగి చూసింది. చొక్కా విప్పింది. తాత ఉన్నదున్నట్టు చెప్పాడు, వారం వారం కొయ్యడంతో సహా. బహుశా ఆ ఏడాదిలో ఆవిడతో అన్ని మాటలు మాట్లాడింది అప్పుడేనేమో.

అంతా విని అమ్మమ్మ, "సవతి కోసం కత్తి తెచ్చి నా మంచం కింద పెట్టావా?" అంది.

ఆవిడ బ్లేడుని మళ్ళీ చొక్కాలో చుట్టి, ఈసారి గోడవారగా, లోపలికంటా తోసింది. అది అక్కడున్నన్నాళ్ళూ తుడవడానికి కూడా ఎవర్నీ ఆ మంచం కిందికి పోనివ్వలేదు.

వానలు పట్టుకున్నాయి. గడ్డికి అంతకంటే ఏం కావాలి? పాదాలు మునిగాయి, తరవాత పిక్కలు, తరవాత మోకాళ్ళు. ఆఫీసరు వచ్చి చూసి మొహం చిట్లించి వెళ్ళేవాడు. వయసు మీద పడి తాతకి బద్ధకం పట్టిందని క్యాంటీన్లో అనుకున్నారు. తాత వినీ విననట్టు టీ తాగి వచ్చేశాడు.

గద్ద మాత్రం రోజూ వచ్చింది. ఎక్కడో తడిసి వచ్చి, మూడో దీపం మీద కూర్చుని, షెడ్డు వైపు చూసేది. ట్రాక్టరు ఎప్పుడు బయటికొస్తుందా అని. తాత గుమ్మంలోకి వస్తే మెడ చాచేది. తాత లోపలికి పోయేవాడు. కిటికీలోంచి చూసేవాడు.

ఒకసారి ఆగలేక దిగింది. ఎప్పట్లాగే ఎండని వెనక పెట్టుకుని, జానెడు ఎత్తున వచ్చి కాళ్ళు చాపింది. గడ్డి దాన్ని మింగేసింది. కాసేపు ఏమీ కనపడలేదు. తరవాత పచ్చటి గడ్డిలోంచి ఒక రెక్క, ఇంకో రెక్క, బురద. లేవలేక, గంపకింద చిక్కిన కోడిలా తపతపలాడుతూ, రన్‌వే దాకా నడిచి వచ్చింది. ఆకాశంలో అంత హోదాగా తిరిగేదానికి నడకే రాదు, తప్పతాగిన పెద్దమనిషిలా అటూ ఇటూ ఊగుతుంది. తాతకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా అది తారు మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ ఇటే చూసింది. కాళ్ళలో ఏమీ లేదు.

ఆ మర్నాడు జీపు కింద ఒక కుందేలు పడింది. తాత కావాలని తొక్కించలేదు, అదే అడ్డం వచ్చింది. దాన్ని బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఇంకా వెచ్చగానే ఉంది. దీపం మీద గద్ద ఉంది. మధ్యలో రన్‌వే అంచు, గడ్డి లేని సిమెంటు పలక. అక్కడ పెట్టి వస్తే సరి. ఒక్కపూట తింటే ఏమవుతుంది? ఒక్కపూట తింటే రేపూ వస్తుంది. నెలాఖరుకి ఉంటుంది. తాత బకెట్టు పట్టుకుని ఇంటికీ పలకకీ మధ్య ఎంతసేపు నిలబడ్డాడో. టవర్ అద్దాల్లోంచి చూస్తున్న కుర్రాయనకే ఉండబట్టక సెట్టు నొక్కి, "బాబాయ్," అన్నాడు.

తాత షెడ్డు వెనక్కి వెళ్ళి గొయ్యి తవ్వాడు. కుందేల్ని పూడ్చి పైన బండ పెట్టాడు. గద్ద చూస్తూనే ఉంది. వాటి చూపు ఎంత దూరం పోతుందో తాతకి తెలుసు, అందుకే వీపు అడ్డం పెట్టి తవ్వాడు. ఆ పూట తనూ తినలేదు. సెట్టు కూడా కట్టేశాడు.

వాన వెలిసిన రోజు పొద్దున్నే ఎండ గట్టిగా కాసింది. తారు తొందరగా కాగింది. గద్ద స్తంభం మీంచి జారి, రెక్కలు చాపి, తిరగడం మొదలెట్టింది. తాత జీపు బానెట్టు మీద వెల్లకిలా పడుకుని చూశాడు. చుక్కంత అయింది. రోజూ ఆ ఎత్తునుంచే కొండ వైపు జారేది. ఆ రోజు జారలేదు. ఇంకా తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు కారేదాకా చూశాడు, అది ఎండకే. రెప్ప వేసి తెరిచేసరికి చుక్క ఎక్కడుందో దొరకలేదు.

మర్నాడు మూడో దీపం ఖాళీగా ఉంది. ఆ తరవాతా అంతే.

నెలాఖరుకి తుపాకీ ఆయన చెప్పినట్టే వచ్చాడు. పొడుగాటి పెట్టె తెరవకుండానే గోడకి ఆనించి, తాత గుమ్మంలో సాయంత్రందాకా కూర్చున్నాడు. ఇద్దరూ టీ తాగారు. మోకాలెత్తు గడ్డిలో గాలి తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నారు. వెళ్ళేముందు ఆయన ఆఫీసరు దగ్గరికి పోయి, మైదానంలో గడ్డి ఇలాగే వదిలెయ్యమని, అందం కోసం కోస్తే మళ్ళీ తనని పిలవాల్సి వస్తుందని చెప్పాడు. ఎవరు కోశారో, ఎందుకు కోశారో ఎత్తలేదు. తాతకి మాత్రం చెయ్యిచ్చి, "పోయింది కదా, మంచిదే," అన్నాడు. మంచిదే అన్నాడు తాత కూడా.

అలా తాతకి పని దాదాపు అంతా పోయింది, జీతం అలాగే ఉంది. పక్షులు రావు, గడ్డి కొయ్యక్కర్లేదు. దీపాల చుట్టూ మాత్రం కొడవలితో కోసేవాడు, నడుం పట్టేసేది. టవర్ ఆయన పొద్దున్నే పలకరించేవాడు. గాలి ఎటుంది, వాన వస్తుందా, ఇలాంటివి. పిన్ని సంగతి ఇద్దరూ తీసేవాళ్ళు కాదు. ఆదివారాలు అమ్మమ్మ కూడా కుశలప్రశ్న మానేసింది. కంచం పెట్టి, ఎదురుగా కూర్చునేది.

కొన్నాళ్ళకి తాత చొక్కాలు పొగకంపు కొట్టడం మొదలైంది. అమ్మ ఉతికి ఉతికి విసిగి, ఈ వయసులో బీడీలు మొదలెట్టాడా ఏమిటని అమ్మమ్మని అడిగింది. ఒక ఆదివారం తాత రానేలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అమ్మమ్మ అమ్మని వెంటబెట్టుకుని బయల్దేరింది. పెట్టె సర్దుకుని వచ్చేశాక ఆవిడ మళ్ళీ ఆ గేటు దాటడం అదే.

ఇంటికి తాళం లేదు, లోపల మనిషి లేడు. షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. లోపల ట్రాక్టరు గర్జిస్తోంది. రేకుల సందుల్లోంచి పొగ వస్తోంది. అమ్మమ్మ పరుగున వెళ్ళి తలుపు లాగింది. పొగలో తాత ట్రాక్టరు సీటు మీద, చేతిరుమాలు మూతికి కట్టుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెనక చిన్న కిటికీ తెరిచి పెట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాడు. వాడకుండా ఉంచితే ఇంజను పట్టేస్తుంది, వారానికోసారి తిప్పాలి. తిప్పాలంటే షెడ్డు బయట తిప్పొచ్చు, లోకమంతా అలాగే చేస్తారు.

అమ్మమ్మ తిట్టడానికి నోరు తెరిచింది.

"తలుపు వెయ్యి," అన్నాడు తాత. దగ్గుతూ, రుమాలు కిందికి లాక్కుని మళ్ళీ అన్నాడు. "వెయ్యవే. దానికి వినపడుతుంది."

అమ్మమ్మ తలుపులు రెండూ దగ్గరికి లాగింది, గొళ్ళెం లేదు కాబట్టి వీపు ఆనించి నిలబడింది. ఆ చప్పుడు పడకే ఇల్లు వదిలి వెళ్ళిన మనిషి. రేకులు వీపు వెనక దడదడలాడుతుంటే, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని మైదానం మీది ఆకాశాన్ని ఈ చివర్నించి ఆ చివరిదాకా వెతికింది. మూడో దీపం ఏదని అమ్మని అడిగి, దాన్నీ చూసింది.

కాసేపటికి లోపల్నించి ఇంజను మీదుగా తాత గొంతు వచ్చింది, ఏమైనా వచ్చిందా అని.

"ఏమీ రాలేదు," అంది అమ్మమ్మ, ఆయనకి వినపడేంత గట్టిగా.

తాత ఇంజను ఆపాడు. ఆపాక కూడా చాలాసేపు బయటికి రాలేదు.